కొత్త బండి: ఆదివారాలు అడవి దార్లు, ఒకసారి లదాఖ్. హిమాలయనా, ఎక్స్‌పల్సా? నా ఎత్తు 5.4

నర్సంపేట_సార్
బండి మార్చే టైమొచ్చింది. ఉన్నది పదేళ్ల నాటి 150 సీసీ. ఇల్లు హనుమకొండ, బడి నర్సంపేట దగ్గర. రోజూ పోను రాను 80 కిలోమీటర్లు. దానికి ఏ బండైనా సరిపోతుంది. తిప్పలంతా ఆదివారాలతోనే. పాకాల, లక్నవరం, తాడ్వాయి, బొగత అని మా నలుగురి బ్యాచ్ నెలకు రెండుసార్లు బయల్దేరుతుంది. తారు రోడ్డు వదిలి చెరువు కట్టలు, గుట్టల కింది ఎడ్లబండ్ల బాటలు పట్టడం అలవాటైంది. వచ్చే జూన్‌లో లదాఖ్ అని నన్ను అడగకుండానే డిసైడ్ చేశారు.

బడ్జెట్ అన్నీ కలిపి మూడున్నర లక్షలు, గింజుకుంటే నాలుగు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450, హీరో ఎక్స్‌పల్స్ 210 రెండూ చూశాను. హిమాలయన్ మీద కూర్చుంటే బారాత్‌లో గుర్రమెక్కినట్టుంది. మనసు అక్కడే ఆగిపోయింది. కానీ నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, బరువు 61 కిలోలు. నడిపినవాళ్లు చెప్పండి. యూట్యూబ్ లింకులు వద్దు, అన్నీ చూసేశాను.

కాజీపేట_జంక్షన్
మనసు ఆగిపోయిందంటున్నావు. ఇక మమ్మల్ని అడగడం దేనికి సారూ, కొనెయ్.

గట్టమ్మ73
నేను హిమాలయన్ 450 నడుపుతున్నా, ఏడాది దాటింది. ఇంజిన్ గురించి రెండో మాట లేదు. 452 సీసీ, 40 హార్స్‌పవర్, టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 40 న్యూటన్ మీటర్లు. ములుగు రోడ్డు మీద వందలో పోతుంటే నిద్రొస్తుంది, అంత నిమ్మళంగా ఉంటుంది. సస్పెన్షన్ ముందూ వెనకా 200 మిల్లీమీటర్లు, గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి పొట్టకూ మధ్య ఖాళీ, 230. సీటు 825కు దించుకోవచ్చు, నీకు మునివేళ్లు అందుతాయి. బరువు 196 కిలోలు. అది నడిచేటప్పుడు తెలియదు, ఆగినప్పుడు తెలుస్తుంది. నా ఎత్తు 5.10 కాబట్టి నా మాట నీకు సగమే పనికొస్తుంది.

ఉట్నూర్_ఉడుము
పైన అన్న చివరి ముక్క పట్టుకో సారూ. ఎక్స్‌పల్స్ 210 బరువు 170 దగ్గర. తేడా పాతిక కిలోల పైన. అంటే ఒక బియ్యం బస్తా. షోరూంలో కూర్చున్నప్పుడు ఆ బస్తా కనబడదు. కెరమెరి ఘాట్ పక్కన మట్టిదారిలో పడ్డప్పుడు కనబడుతుంది.

హన్మకొండ_హార్స్‌పవర్
బరువు బరువు అని భయపెట్టకండి. జిమ్‌కు పోవచ్చు, పవర్ ఎక్కడినుంచి తెస్తారు? లదాఖ్ అంటున్నాడు. అక్కడి ఖర్దుంగ్ లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు. అక్కడ గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే 60 శాతం కూడా ఉండదు. ఇక్కడ 24 హార్స్‌పవర్ ఇచ్చే 210, అక్కడ 14 ఇస్తే గొప్ప. వెనక సామాను, ముందు ఎక్కుడు. హిమాలయన్‌కు అప్పటికీ 23 మిగులుతుంది. లెక్క చూసుకోండి.

ఉట్నూర్_ఉడుము
లెక్క కరెక్టే. కానీ ఖర్దుంగ్ లా దగ్గర ఎవడు వందలో పోతాడు? అక్కడ పెద్ద పెద్ద లారీలే ఫస్టు గేరులో మూల్గుతూ ఎక్కుతాయి. మా దోస్తు 2022లో పాత ఎక్స్‌పల్స్ 200 మీద పోయొచ్చాడు. 19 హార్స్‌పవర్ కూడా లేని బండి. నెమ్మదిగా ఎక్కింది, కానీ ఎక్కింది.

కాజీపేట_జంక్షన్
లదాఖ్ ఎన్ని రోజులు సార్? పదిహేను. మిగతా మూడొందల యాభై రోజులు నర్సంపేట, పాకాల. ఎల్లుండి పెళ్లికి పోతున్నామని ఏడాదంతా షేర్వాణీ వేసుకుని బడికి పోతామా?

నర్సంపేట_సార్
షేర్వాణీ పోలిక బాగుంది. కానీ నిన్న షోరూంలో ఇంకో మాట విన్నా. ట్యాక్స్ తేడా ఉందట కదా, నిజమేనా?

జీతగాడు
నిజమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18కి దిగింది. 350 దాటితే 40. అంతకుముందు దాటినవాటికి సెస్సు కలిపి 31 ఉండేది. ఒకటి దిగింది, ఇంకొకటి ఎక్కింది. పైగా మన దగ్గర లైఫ్ ట్యాక్స్ బండి ధరను బట్టే కడతాం కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. ఇన్సూరెన్స్ కూడా అంతే. సారు గింజుకుంటే నాలుగన్నారు, హిమాలయన్‌కు బాగానే గింజుకోవాలి. హెల్మెట్, బూట్లు, మోకాలి గార్డులు, క్రాష్ గార్డ్ ఇవన్నీ వేరే ఖర్చు. వాటిని మర్చిపోయి బండి కొన్నవాళ్లు ఈ గ్రూపులోనే నలుగురున్నారు, నాతో కలిపి.

తాడ్వాయి_తమ్ముడు
మీరందరూ లక్షల్లో మాట్లాడుతున్నరు. మా ఊర్ల స్ప్లెండర్ మీద ముగ్గురు, మధ్యలో వడ్ల బస్తా పెట్టుకుని అదే బాటల పోతరు. టీవీఎస్ ఎక్సెల్ మీద మా మామ ఇప్పపువ్వు మూట వేసుకుని వాగు దాటుతడు. గ్రౌండ్ క్లియరెన్స్ అంటే ఏందో ఆయనకు తెల్వదు.

గట్టమ్మ73
మీ మామను ఈ గ్రూపులో చేర్చు తమ్మీ. మేము లెఫ్ట్ అయిపోతాం.

ఉట్నూర్_ఉడుము
నవ్వులాట పక్కన పెడితే తమ్ముడి మాటలో అసలు సంగతి ఉంది. స్ప్లెండర్ 112 కిలోలు. ఇరుక్కుంటే ఇద్దరు దిగి చేతులతో లేపి పక్కన పెడతారు. అడవిలో వాళ్లకు 40 హార్స్‌పవర్ ఏనాడూ అవసరం పడలేదు.

హన్మకొండ_హార్స్‌పవర్
ఐతే సార్‌కు ఎక్సెల్ కొనిద్దాం. జూన్‌లో లదాఖ్ పోతాడు, వచ్చే మేడారం జాతరకు తిరిగొస్తాడు.

పర్కాల_టు_సాల్ట్‌లేక్
ఈ చర్చ చూస్తే నవ్వొచ్చింది. మాది పర్కాల, పన్నెండేళ్లుగా యూటాలో ఉంటున్నా. ఇక్కడ మూడేళ్ల కింద నేను స్నోమొబైల్ కొనేటప్పుడు ఇదే గొడవ, ఇవే మాటలు. కొండ మీద మెత్తటి మంచులో తిరగడానికి 850 సీసీ టూ స్ట్రోక్ బండ్లు ఉంటాయి, 165 హార్స్‌పవర్ దాకా. బరువు రెండొందల కిలోల చుట్టూ. కింద రబ్బరు ట్రాక్ ఉంటుంది, మూడంగుళాల పళ్లతో. దాని పొడవు 154 అంగుళాలా, 165 అంగుళాలా అన్నదాని మీద ఇక్కడ స్నేహాలు తెగిపోతాయి. పొడుగు ట్రాక్ ఐతే మంచు మీద బాగా తేలుతుంది, నిట్టనిలువు ఎక్కుతుంది. పొట్టి ట్రాక్ ఐతే చెట్ల మధ్య చటుక్కున తిరుగుతుంది.

మా దోస్తులు టర్బో అన్నారు, అంటే ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే ఏర్పాటు ఉన్న బండి. తొమ్మిది, పదివేల అడుగుల ఎత్తులో మామూలు ఇంజిన్ పావు వంతు పైనే బలం పోగొట్టుకుంటుంది, టర్బో ఐతే పోగొట్టుకోదు. నిజమే. నేను మాత్రం టర్బో లేని 154 తీసుకున్నా. నా ఎత్తు కూడా 5.5 మాత్రమే. మొదటి సీజన్‌లో రోజుకు ఐదారుసార్లు ఇరుక్కున్నా. నడుం లోతు మంచులో పక్కకు పడ్డ బండిని ఒక్కడివే పార పెట్టి తవ్వుతుంటే హార్స్‌పవర్ గుర్తుకు రాదు, అమ్మ గుర్తుకొస్తుంది.

తాడ్వాయి_తమ్ముడు
అన్నా, దాని మీద జంపన్నవాగు దాటొచ్చా?

పర్కాల_టు_సాల్ట్‌లేక్
ఒడ్డు దాకా వస్తే కదా తమ్మీ! దాని ఇంజిన్‌ను, ట్రాక్ కింది పట్టాలను చల్లబరిచేది కిందినుంచి ఎగిరే మంచే. తాడ్వాయి రోడ్డు మీద ఐదు నిమిషాల్లో వేడెక్కి కూర్చుంటుంది.

జీతగాడు
అక్కడ మంచు కొండలు విరిగిపడతాయంటారు కదా అన్నా, భయం కాదా?

పర్కాల_టు_సాల్ట్‌లేక్
భయమే. ఒంటిమీద సిగ్నల్ పంపే బీకన్, వీపు సంచిలో మంచులో గుచ్చి వెతికే మడత కర్ర, పార లేకుండా గ్యాంగులో ఎవరినీ రానివ్వరు. వాలు మీదికి ఒక్కొక్కరే పోవాలి, మిగతావాళ్లు దూరంగా నిలబడి చూడాలి. మంచు కింద పడ్డవాణ్ని పావుగంటలోపు తీస్తేనే ఆశ. బండి కొన్న వారమే ఒక రోజు ట్రైనింగ్ క్లాసుకు పోయాను, బండికి చేసిన ఖర్చుల్లో దండగ కానిది అదొక్కటే. సరే, మీ చర్చ మీరు కానియ్యండి.

గట్టమ్మ73
వాగు మాటొచ్చింది కాబట్టి నా కథ చెప్తా. నాలుగేళ్ల కింద, అప్పటి పాత బండి. కంపెనీ ఏదన్నది అనవసరం, తప్పు నాది. పస్రా అవతల ఓ చిన్న వాగు, మోకాలి లోతు కూడా లేదు. దిగి నడిచి చూడలేదు, అదే మొదటి తప్పు. అడుగున బండ, బండ మీద పాచి. ముందు చక్రం జర్రున జారింది, బండి కుడివైపు పడింది. నీళ్లలో ఇంజిన్ రెండు సార్లు గుక్కపట్టినట్టు అని ఆగిపోయింది. నేను లేపి నిలబెట్టి, కంగారులో సెల్ఫ్ నొక్కాను. టక్ అని ఒక్క చప్పుడు. అంతే.

సిలిండర్‌లో నీళ్లున్నాయి. నీళ్లు గాలిలాగా నలగవు. పిస్టన్ పైకొచ్చి గుద్దితే కనెక్టింగ్ రాడ్ వంగింది. ట్రాలీ ఆటోలో హనుమకొండ దాకా తెచ్చాం. బిల్లు 23 వేలు. అప్పుడు చేయాల్సింది సెల్ఫ్ ముట్టకుండా స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ తర్వాత ఇంజిన్ తిప్పడం. పిచికారీ కొట్టినట్టు నీళ్లు బయటికొస్తాయి. ఎయిర్ ఫిల్టర్ పిండి ఆరబెట్టి, ఆయిల్ పాల టీ రంగుకు మారిందేమో చూడాలి. మారితే స్టార్టు చేయకూడదు.

తాడ్వాయి_తమ్ముడు
వానకాలంలో ఆ వాగుల జోలికే పోకండ్రి. పైన ఛత్తీస్‌గఢ్ దిక్కు కొడితే ఇక్కడ ఎండ ఉండంగనే నీళ్లొస్తయి. 2023 జులైల ముత్యాలధార జలపాతం చూడబోయిన 80 మంది దాకా టూరిస్టులు తిరిగి రాలేక రాత్రి అడవిల చిక్కుకుపోయిన్రు. పోయేటప్పుడు దాటిన వాగే వచ్చేటప్పుడు అడ్డం పడ్డది.

నర్సంపేట_సార్
గట్టమ్మ అన్నా, ఆ రోజు ఎంతమంది ఉన్నారు? ఒక్కడివే లేపావా?

గట్టమ్మ73
ఇద్దరం. నీళ్లలో ఇద్దరం కలిసినా మూడోసారికి గాని లేవలేదు. ఆ బండి హిమాలయన్ కన్నా తేలిక, అది కూడా చెప్పాలి.

ఉట్నూర్_ఉడుము
లేపడానికి పద్ధతుంది సారూ, బలం తర్వాత. ముందు ఇంజిన్ ఆపు. కుడివైపు పడితే సైడ్ స్టాండు ముందే దించిపెట్టు, లేకపోతే లేపిన బండి అటువైపు పడుతుంది. గేరులో ఉంచు, చక్రం దొర్లదు. తర్వాత బండికి వీపు తిప్పి, సీటుకు నడుం ఆనించి గొంతుక్కూర్చో. ఒక చెయ్యి హ్యాండిల్‌కు, ఇంకొకటి వెనక కడ్డీకి. చేతులతో లాగకు. వెనక్కి నడుస్తున్నట్టు చిన్న చిన్న అడుగులేస్తూ కాళ్లతో నెట్టు. నేను 58 కిలోలు, ఎక్స్‌పల్స్ ఇట్లనే లేపుతా. హిమాలయన్ ఒకసారి లేపా. రెండోసారికి పక్క చేన్లో మనిషిని పిలిచా.

హన్మకొండ_హార్స్‌పవర్
మీరంతా బండి కొనడం గురించి కాదు, పడేయడం గురించి మాట్లాడుతున్నారు.

ఉట్నూర్_ఉడుము
మట్టిలో రెండూ ఒకటే.

పాకాల్_పంక్చర్
చక్రాల గురించి ఎవరూ అడగరేంది? ముందు 21 అంగుళాల చక్రం రెండిటికీ ఉంది, గుంతల మీద మంచిదే. చూడాల్సింది ట్యూబు. పుల్లల (స్పోక్) చక్రంలో ట్యూబుంటే తుమ్మముల్లు దిగినప్పుడు చక్రం విప్పాల్సిందే. ట్యూబ్‌లెస్ ఐతే ముల్లు పీకి, రబ్బరు పుల్ల గుచ్చి, గాలి కొట్టుకుని పది నిమిషాల్లో బయల్దేరొచ్చు. హిమాలయన్‌లో పుల్లల చక్రాలకే ట్యూబ్‌లెస్ ఉన్న రకం దొరుకుతుంది, డబ్బులెక్కువ. ట్యూబ్ బండి కొంటే మూడు వస్తువులు సీటు కింద ఉండాలి: స్పేర్ ట్యూబు, రెండు టైరు లివర్లు, చిన్న పంపు.

టైరు రిమ్ము వదలకపోతే సుత్తితో కొట్టకండి. విప్పిన చక్రం నేల మీద పడుకోబెట్టి, పక్క బండి సైడ్ స్టాండు కాలును టైరు అంచు మీద పెట్టి ఆ బండిని మెల్లగా వంచండి. పటక్కున ఊడొస్తుంది. నలభై రూపాయల పంక్చర్ పని నేర్చుకోక, నాలుగు లక్షల బండి అడవిలో పెట్టి నడిచొచ్చినవాళ్లను చూశా.

జీతగాడు
గాలి ఎంత పెడతావన్నా మట్టిలో?

పాకాల్_పంక్చర్
ట్యూబ్ బండికి 20 పీఎస్ఐ కిందికి దించను. దించితే రాయి తగిలినప్పుడు రిముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పాము కాటేసినట్టు రెండు చిల్లులు పడతాయి. తారెక్కగానే మళ్లీ మామూలుగా పెట్టుకోవాలి.

కాజీపేట_జంక్షన్
పెట్రోల్ ట్యాంకు సంగతి. హిమాలయన్ 17 లీటర్లు, 210ది 13. పెద్ద ట్యాంకు ఉందని మురిసిపోకండి. గట్టమ్మకు లీటరుకు 30 వస్తుందట, ఉడుముకు 40. గుణించి చూస్తే ఇద్దరూ ఐదొందల చిల్లర దగ్గరే ఆగుతారు.

ఉట్నూర్_ఉడుము
ఆ 40 నా పాత 200 లెక్క అన్నా. 210కి కొంచెం తగ్గుతుంది. ఐనా ఏటూరునాగారం పోయి రావడానికి ఢోకా లేదు.

మంజీర_మైలేజ్
మధ్యలో దూరుతున్నా. సుజుకీ వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్ ఎందుకు చూడలేదు? 250 సీసీ, అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్. రోజూ 80 కిలోమీటర్లు అంటున్నావు, దానికి సోఫా లాంటి బండి.

ఉట్నూర్_ఉడుము
ముందు చక్రం 19, క్లియరెన్స్ 205. లక్నవరం దాకా సూపర్. చెరువు కట్ట దిగినాక నీ ఇష్టం.

నర్సంపేట_సార్
మా ఆవిడ కూడా అదే చూపించింది, వెనక సీటు వెడల్పుగా ఉందని. ఇంటి ఓటు దానికే.

గట్టమ్మ73
వెనక సీటు మాటొస్తే చర్చ అయిపోయినట్టే. మేమెవరం చెప్పడానికి?

తాడ్వాయి_తమ్ముడు
ఒక్క మాట, కోపం చేయకండ్రి. బండి ఏది కొన్నా గానీ అడవిలకు గేటు దాటి రాకండ్రి. ఏటూరునాగారం 1950ల నుంచి అభయారణ్యం. పర్మిషన్ లేకుండ లోపల తిరిగితే కేసు, బండి సీజ్. పోయిన ఏడు హైదరాబాద్ గ్యాంగ్ ఒకటి రాత్రి పూట హెడ్‌లైట్లు వేసుకుని సైలెన్సర్ మోత పెట్టుకుంట పోయింది. తెల్లారి మా ఊరోళ్లను పిలిచి అడిగిన్రు, మీరే దారి చూపెట్టిన్రా అని. మీరు పోతరు, మాటలు పడేది మేము.

నర్సంపేట_సార్
నిజం. మేం ఊరి బాటలు, చెరువు కట్టల మీదే తిరుగుతాం. రెండేళ్ల కింద ఒకసారి తెలియక ఒక గేటు దాటాం, బీట్ ఆఫీసర్ కూర్చోబెట్టి అరగంట క్లాసు పీకాడు. టీచర్‌నని చెప్పుకోలేకపోయా.

హన్మకొండ_హార్స్‌పవర్
2024 ఆగస్టు 31న గాలికి తాడ్వాయి, మేడారం మధ్య వేల చెట్లు పడ్డాయి కదా, ఆ తర్వాత అటువైపు బాటలు ఎట్లున్నాయి తమ్మీ?

తాడ్వాయి_తమ్ముడు
రోడ్డు అప్పుడే క్లియర్ చేసిన్రు. కొన్ని బాటల మీద దుంగలు చాన్నాళ్లు ఉండె. పడ్డ మద్ది చెట్టు మీదికెళ్లి బండి ఎక్కించాల్నంటే ఎక్సెలే.

కాజీపేట_జంక్షన్
మళ్లీ ఎక్సెల్!

జీతగాడు
సారూ, ఒక పని చెయ్యి. గట్టమ్మ, ఉడుము ఇద్దరి బండ్లు ఒకే రోజు ఒకే చోట నడిపి చూడు. షోరూం చుట్టూ రెండు కిలోమీటర్లు తిప్పితే పెళ్లిచూపుల్లో కాఫీ తాగినట్టే, ఏం తెలుస్తుంది?

గట్టమ్మ73
నా బండికి నేను రెడీ. గీతలు పడితే ఏమీ అనను. కొంచెం అంటా.

ఉట్నూర్_ఉడుము
శనివారం వరంగల్ వస్తున్నా, మా చెల్లె ఇంటికి. నాది 210 కాదు, పాత 200 4వీ. బరువు 159, 210 కన్నా పదికిలోలు తక్కువ, గుర్తుపెట్టుకో.

*(ఆరు రోజుల తర్వాత)*

నర్సంపేట_సార్
అందరికీ రిపోర్టు. ఆదివారం పొద్దున ముగ్గురం మా బావ చెల్క దగ్గర కలిశాం. పత్తి ఏరేసిన చేను, పక్కన ఎర్రమట్టి గట్టు, రాత్రి కురిసిన వాన. హిమాలయన్ ముందు నడిపా. గట్టు ఎక్కింది, దిగింది, అసలు గుంతలే లేనట్టు పోయింది. అది చాలా గొప్ప బండి, అందులో డౌటు లేదు. తర్వాత మలుపు తిప్పుకునే దగ్గర ఆగాను. కుడికాలు పెట్టిన చోట నేల రెండంగుళాలు పల్లం. అంతే. బండి మెల్లగా, చాలా మర్యాదగా పక్కకు ఒరిగింది. పట్టుకుందామని చూశా. అది నన్ను కూడా తీసుకుపోయింది.

ఉడుము చెప్పినట్టే వీపు ఆనించి లేపా. ఒకసారి లేచింది. రెండోసారి కావాలనే పడుకోబెట్టి లేపబోతే బూటు మట్టిలో జారింది, నడుం పట్టేసింది. గట్టు మీద నిలబడి మా ఆవిడ అంతా చూసింది. వీడియో కూడా తీసింది.

ఉడుము బండి మూడుసార్లు పడుకోబెట్టి మూడుసార్లు లేపా. ఎర్రమట్టిలో నిలబడి నడపడం అరగంటలో వచ్చేసింది. హైవే మీద మాత్రం 90 దాటాక దానికి ఆయాసం. 210 కొంచెం నయమని టెస్ట్ రైడ్‌లో అనిపించింది. 210 బుక్ చేశా. మిగిలిన డబ్బుతో బూట్లు, మోకాలి గార్డులు, ఒక పంపు.

హన్మకొండ_హార్స్‌పవర్
లదాఖ్‌లో నా వెనక దుమ్ము తింటూ రా.

నర్సంపేట_సార్
వస్తా. నువ్వు పడితే లేపడానికి ఎవరో ఒకరు వెనక ఉండాలి కదా.

పర్కాల_టు_సాల్ట్‌లేక్
వీడియో పెట్టు సార్.

నర్సంపేట_సార్
ఆవిడ ఫోన్‌లో ఉంది. వాళ్ల అన్నదమ్ముల గ్రూపులో ఆల్రెడీ వచ్చేసింది.

కాజీపేట_జంక్షన్
జూన్‌కు బండి రైల్లో వేద్దాం. ఢిల్లీ దాకా నడపడం దండగ. ట్యాంకులో చుక్క పెట్రోల్ లేకుండా ఖాళీ చేయాలి, ఆర్సీ కాపీ ఇవ్వాలి, గోనెసంచులతో ప్యాకింగ్ దగ్గరుండి చేయించాలి. అద్దాలు విప్పి సంచిలో వేసుకోండి, నావి పోయినసారి పగిలాయి.

గట్టమ్మ73
ముందు ఈ నెల సంగతి చూద్దాం. బండి ఎప్పుడిస్తారు?

నర్సంపేట_సార్
శుక్రవారం అన్నారు. ఆదివారం ఐదున్నరకు ములుగు రోడ్డు, గట్టమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి అక్కడినుంచి లక్నవరం.

పాకాల్_పంక్చర్
టైరు లివర్లు తెచ్చుకో. నావి ఇవ్వను.

తాడ్వాయి_తమ్ముడు
పస్రా కాడ ఉంట. మా మామ కూడ వస్తడట, ఎక్సెల్ మీద.